జతగాని గేరు రాడ్డు

షెడ్డు వేరేవాళ్ళకు అప్పజెప్పి ఇంటిపట్టున కూర్చున్నాక కూడా మార్కాపురం కుర్ర మెకానిక్కులు అప్పుడప్పుడూ వచ్చి పలకరిస్తుంటారు. టీ తాగుతారు, పాత సంగతులు అడుగుతారు. వాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా ఆ మాట అంటారు: "ఏ బండికైనా ఏ బండి ముక్కనైనా అతికిచ్చేటోనివంట గదా పెద్దాయనా!" నేను నవ్వేసి, ఇంకో టీ తెప్పించి, మాట మారుస్తాను. పొగిడితే ముడుచుకుపోతాడేంటి ఈయన అని వాళ్ళు అనుకుంటారేమో. ఆ పేరు వల్ల ఒక ఇంటి కోడలు తనది కాని నింద మోసింది. అది గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో నా తల కిందికి దిగిపోతుంది. ఈసారి మాట మార్చకుండా రాస్తున్నాను. స్పానరు పట్టుకున్నవాళ్ళే కాదు, చేతిపనితో పేరు తెచ్చుకోవాలనుకునే పిల్లలు ఎవరైనా చదవండి.

నా షెడ్డు కంభం పోయే రోడ్డు పక్కన ఉండేది. పలకల లోడు లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, ఇవే మా రోజువారీ గిరాకీ. నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ బండ్లు మా వైపు తక్కువ. ఉన్న కొద్దిపాటివి ఏదో ఆఫీసు వేలంలో అమ్మితే పల్లెల వాళ్ళు కొనుక్కున్న పాత బండ్లు. వాటికి స్పేర్లు దొరకవు. దొరకని చోటే నా గొప్పతనం బయటపడేది. ఒక బండి ముక్కను ఇంకో బండికి కోసి, సాన పెట్టి, వెల్డింగు చేసి కూర్చోబెట్టేవాణ్ణి. పక్క దుకాణంలో లేత్ మిషను నడిపే భాయ్ నాకు కుడిభుజం. నేను చెప్పిన కొలతకు ఇనుమును చెక్కి ఇచ్చేవాడు, ఇస్తూ ఇస్తూ తిట్టేవాడు. ఆ తిట్లు నాకు అలవాటైపోయి, వినడం మానేశాను.

యర్రగొండపాలెం దాటాక అడివి అంచున ఉన్న ఒక పల్లె నుంచి నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవాడు. గొర్రెలు మేపుకునే కుటుంబం, కొంచెం మెట్ట పొలం కూడా ఉంది. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి రోజు నుంచే ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి. ఆయన కొడుకు నన్ను బావా అనేవాడు. ఎండాకాలం వాళ్ళ మంద కొండ వాలులో మేస్తుంది. అక్కడికి నీళ్ళ డ్రమ్ములు, తవుడు బస్తాలు చేర్చడానికి వాళ్ళు ఒక పాత ఫోర్‌వీల్ పికప్పు కొన్నారు. వాగులో ఇసుక దాటాలన్నా, రాళ్ళ వాలు ఎక్కాలన్నా ఆ బండే దిక్కు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే మామ ఆ బండిని ట్రాక్టరు వెనక కట్టుకుని షెడ్డుకు తెచ్చాడు. "అల్లుడా, చిన్న గేరు యిరిగిపోయినాది. వాగు కాడ్నే నిల్చిపోయినాం" అన్నాడు.

చిన్న గేరంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అలాంటి బండ్లలో మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది. ఇంజను బలం వెనక చక్రాలకే పోవాలా, నాలుగింటికీ పోవాలా అన్నది దాంతో మారుస్తారు. మధ్యలో ఒక చోట అది దేనికీ పట్టుకోకుండా వదిలేస్తుంది. రాడ్డు ఆ మధ్యకు జారితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. పెద్ద గేరు వేసి ఉన్నా సరే, బండి వాలులో నిలవదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మిగతాదంతా దీని మీదే నడిచింది.

అసలు ముక్క తెప్పించాలంటే పెద్ద ఊళ్ళకు చెప్పి ఎదురుచూడాలి. గిద్దలూరులో ఒక పాత ఇనుము దుకాణం వాడు ఫోనులో ఫోటో పంపాడు. అదే కంపెనీ బండిదే, కానీ తరువాత వచ్చిన మోడలుది. రాడ్డు, దాని కింద ఉండే కడ్డీ, పైమూత అన్నీ ఉన్నాయి. చూడడానికి రెండూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. తెప్పించాను. గేరు పెట్టె లోపల పాత బండి పళ్ళ చక్రాలు, పైన కొత్త మోడలు రాడ్డు. కడ్డీ మీద ఉండే గాట్లలో ఒక ఉక్కు గుండు పడి రాడ్డును నిలబెట్టాలి. ఆ గాట్ల మధ్య దూరం రెండు మోడళ్ళకూ ఒకటి కాదు. తేడా బియ్యపుగింజంత. నేను రాడ్డు కొసను సానబట్టి, చిన్న ముక్క వెల్డింగు చేసి, ఒక వాషరు వేసి బిగించాను. కదిపితే టక్కుమని కూర్చుంది.

భాయ్ వచ్చి రెండు మూడు సార్లు కదిపి చూశాడు. "రాడ్డు కూర్చుండాది భాయ్. లోపల పళ్ళు నిండా కూర్చున్నాయో లేదో? మూత యిప్పి చూద్దాం" అన్నాడు.

"నీకు అన్నిట్లో అనుమానమే. పెళ్ళిచూపుల్లో గూడా మూత యిప్పి చూపియ్యమన్నావా?" అన్నాను. అక్కడున్న డ్రైవర్లు గొల్లుమన్నారు. భాయ్ తల అడ్డంగా ఆడించి తన మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ నవ్వులో మూత విప్పే సంగతి మరుగునపడింది. ఖాళీ బండిని చదును రోడ్డు మీద తిప్పి చూశాను. చిన్న గేరు ఒక్కసారి కూడా జారలేదు. మామకు తాళం ఇచ్చేటప్పుడు హ్యాండ్ బ్రేకు వైరు తెగి ఉందని కూడా చెప్పాను. ఆయన పట్టించుకోలేదు. మా వైపు పాత బండ్లకు హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే. వాలులో ఆపితే ఫస్టు గేరు వేసి, వెనక టైర్లకు రాళ్ళు పెడతారు.

బండికి పెద్ద పని జరిగితే ఆ పల్లెలో దానికి దిష్టి తీసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే మొదటి లోడు కదిలిస్తారు. ఆ పని చేసిన మెకానిక్కును పిలిచి తువ్వాల కప్పి, పొట్టేలు కూరతో భోజనం పెడతారు. నన్నూ పిలిచారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

వాళ్ళ ఇంటి ముందు నేల వాలుగా ఉంటుంది. బండిని ఎగువకు ముఖం పెట్టి నిలిపారు. నీళ్ళు నింపిన డ్రమ్ములు వరసగా ఎక్కించారు. ఫస్టు గేరు, వెనక టైర్లకు రాళ్ళు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాల కప్పారు. నిమ్మకాయలు పెట్టేది ఇంటి కోడలు. అప్పటికి ఆ అమ్మాయి కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. చేతులకు పసుపు రాసుకుని, ఒక్కో టైరు దగ్గర వంగి, ఎంతో శ్రద్ధగా పెట్టింది. టైరు కింద నిమ్మకాయ తప్ప ఇంకేదీ ఉండకూడదని ఆ ఇంటి నియమం. అందుకని మామ బండి వెనక వంగి రాళ్ళు తీస్తున్నాడు. కొడుకు బంతిపూల దండ కట్టడానికి ఒక్క ఊపున బండి మీదికి ఎక్కాడు.

బండి కింద నుంచి టక్కుమని ఒక శబ్దం వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం తెలిసిపోయింది, పళ్ళు విడిపోయిన శబ్దం అది. లేచి అరిచేలోపు బండి వెనక్కి దొర్లి, మామను కిందపడేసి, దొడ్డి గోడకు కొట్టుకుని ఆగింది. ఆయన కాలు చక్రం కింద ఉంది. ఆ అమ్మాయి అప్పుడే పెట్టిన నిమ్మకాయ చితికి, రసం మట్టిలో కలిసింది.

బండిని ఎత్తి, మామను బయటికి లాగి, ఆటోలో మార్కాపురం ఆసుపత్రికి తెచ్చాం. ఎముక నుజ్జయింది, ఒంగోలు తీసుకుపోయి ఆపరేషన్ చేయించండి అన్నారు. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ అందరం వరండాలో నిలబడ్డాం. ఆ ఇంట్లో పెద్ద దిక్కు మామ అక్క. ఆమె ఏడుస్తూనే అంది: "ఆ పిల్ల చేత్తో పెట్టినప్పుడే నాకు గుండె దడదడమన్యాది. అది కాపరానికొచ్చిన కాడ్నించి జీవాలకు రోగమొచ్చినాది. ఇప్పుడు నా తమ్ముని కాలు పోయినాది."

ఆ ఊరి మనిషి ఒకాయన అందుకున్నాడు. "బండిలో ఏం లేదమ్మా. ఆయన చెయ్యి పడిన బండికి తిరుగుంటాదా? ఇది యాడనో తగిలిన దోషమే."

ఆయన అంటే నేను. అందరూ నా వైపు చూసి తలలూపారు. మామ కొడుకు దగ్గరికొచ్చి, "ఎట్ల జరిగినాది బావా?" అని అడిగాడు. కళ్ళలో నీళ్ళు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను. "ఏం చెప్పేది బామ్మర్దీ, హ్యాండ్ బ్రేకు లేని బండి" అన్నాను. అబద్ధం కాదది. అబద్ధం కన్నా నీచమైనది.

కోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతుల పసుపు ఇంకా పోలేదు. హ్యాండ్ బ్రేకు అన్నప్పుడు నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆ పిల్ల ఎందుకు చూసిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

బండిని మళ్ళీ ట్రాక్టరు వెనక కట్టి నా షెడ్డుకే పంపారు. ఇంకెక్కడికి పంపుతారు? ఈసారి మూత భాయ్ విప్పాడు. లోపల పళ్ళు నిండా కలవలేదు. అంచు మీద మాత్రమే పట్టుకుని, ఆ అంచు అరిగి తళతళా మెరుస్తోంది. ఖాళీ బండికి ఆ అంచు చాలింది. డ్రమ్ముల బరువు వాలులో వెనక్కి లాగుతుంటే, పైన మనిషి ఎక్కిన కుదుపుకు విడిపోయింది. భాయ్ చేతులు తుడుచుకుంటూ అడిగాడు:

"చెప్పినావా?"

"ఎవురికి?"

"ఎవురికని నన్నడగతావా భాయ్!"

ఆ తరువాత భాయ్ నాతో మాట్లాడడం తగ్గించాడు. కొలత చెబితే చెక్కి ఇచ్చేవాడు, తిట్టేవాడు కాదు. తిట్లు లేని ఆ దుకాణంలో నాకు ఊపిరాడేది కాదు. మామకు ఆపరేషన్ అవనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను. ఆపరేషన్ అయింది. ఇంటికి రానీ అనుకున్నాను. వచ్చాడు. కొంచెం కోలుకోనీ అనుకున్నాను. వాయిదాలు వేయడంలో నన్ను మించినవాడు మా తాలూకాలో లేడని అప్పుడు తెలిసింది. చెబితే ఏమవుతుంది? గిరాకీ పోతుందని భయపడలేదు. అంత పేరున్నవాడు మూత విప్పి చూడకుండా బండి ఇచ్చాడా అని నలుగురూ నవ్వుతారనే నా భయమంతా.

అలా ఉండగా ఆ పల్లె ఆటో డ్రైవరు ఒకడు పంక్చరు వేయించుకోవడానికి వచ్చి, మాటల్లో చెప్పాడు. "ఆ పిల్లను పుట్టింటికి పంపించినారు. మంచి రోజు చూసుకోని పిలుస్తాంలే అన్నారంట. పిలిచే మాట లాగ లేదు."

నేను ఆ కొత్త మోడలు కడ్డీనీ, పాత బండి పళ్ళ చక్రాన్నీ గోనెసంచిలో వేసుకుని వెంటనే బస్సెక్కాను. నేను మంచివాణ్ణని ఇది రాయడం లేదు. ఆ పిల్లను పంపించేశారని వినేదాకా కదలనివాణ్ణి మంచివాడంటారా?

మామ మంచం మీద ఉన్నాడు, కాలికి కట్టు. ఆయన అక్క, కొడుకు, ఇరుగుపొరుగు వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. సంచి విప్పి ముక్కలు నేల మీద పెట్టాను. "మామా, తప్పు నాది. ఈ రెండూ ఒక బండియి కావు. నేను సరిగ్గా కలపకుండానే బిగించినా. చిన్న గేరు జారినాది. కోడలు పిల్లదేమీ లేదు" అన్నాను.

వాళ్ళు కొడతారేమో అనుకున్నాను. మామ అక్క కొంగుతో కళ్ళొత్తుకుని, "నువ్వు మంచోనివి నాయనా. పిల్ల పేరు చెడకూడదని నీ మీదికి ఏసుకుంటండావు. నీ చెయ్యి మాకు తెల్వదా?" అంది. పక్కింటాయన కూడా, "ఈ కాలంలో ఇట్ల ఎవురంటారు!" అని మెచ్చుకున్నాడు.

నా జీవితంలో అంతకన్నా సిగ్గుపడిన క్షణం లేదు. తప్పు ఒప్పుకున్నా అది కూడా నా ఖాతాలో పుణ్యం కింద పడింది. నేను సంపాదించిన పేరు ఆ పిల్ల మీద బండరాయిలా కూర్చుంది, నేనే తోసినా కదలడం లేదు. గొంతు పెంచి అరిచాను. "మంచోన్ని కాదు పెద్దమ్మా! చూడండి!" అని కడ్డీని పళ్ళ పక్కన పెట్టి, గాటు దాకా జరిపినా పళ్ళు అంచు మీదే ఆగిపోవడం చూపించాను. ఆమె చూసింది గానీ ఆమెకు అది ఇనుమే.

మామ చెయ్యి చాపాడు. ముక్కలు ఆయనకిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

"ఇది నీకెప్పుడు తెల్సినాది?"

"ఆ రోజే మామా. శబ్దం యిన్నప్పుడే."

"అట్లయితే ఆసుపత్రి కాడ గోడకానుకోని నిల్చున్న పిల్లను నువ్వు చూల్యా?"

"చూసినా."

ఆయన అక్క ఏడుపు ఆపింది. కొడుకు లేచి బయటికి వెళ్ళిపోయాడు. మామ తల పక్కకు తిప్పుకుని గోడ వైపు చూస్తూ అన్నాడు: "బండి పని తర్వాత. ముందు పోయి పిల్లను పిల్చకరా. మావోడు నీతో వస్తాడు. మాట మాత్రం నువ్వే చెప్పాల."

బేస్తవారిపేట దగ్గర వాళ్ళ పుట్టిల్లు. బస్సులో బామ్మర్ది నాకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు. మమ్మల్ని చూసి ఆ పిల్ల తల్లి పలకరించలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం అనిపించింది. ఆ పిల్ల బయటికి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. నేను నిలబడే మొత్తం చెప్పాను. మూత విప్పమని భాయ్ అన్నది, నేను నవ్వులాట పట్టించింది, శబ్దం విన్నది, ఆసుపత్రిలో నోరు మూసుకున్నది, అన్నీ. ఆమె తిట్టాలని మనసులో దండం పెట్టుకున్నాను.

ఆమె మెల్లగా అంది: "వాళ్ళు అంటే అననీలే అనుకుంటి అన్నా. పెద్దామె బాధలో అంటాంది, రేపు మర్చిపోతాది అనుకుంటి. నువ్వు పెద్ద మెకానిక్కువి, బండిలో ఏమన్నా ఉంటే నువ్వు చెప్తావు గదా అని చూసినా. నువ్వు హ్యాండ్ బ్రేకు అన్యావు. అది మేం కొన్న కాడ్నించీ లేదు, ఎన్నోసార్లు వాలులో ఆగినాది. ఇంక బండిలో ఏం లేదు, నా చేతుల్లోనే ఏదో ఉండాదని నేను గూడా నమ్మినా."

తల్లి గబుక్కున వచ్చి కూతుర్ని పట్టుకుంది. బామ్మర్ది ఏడ్చాడు. ఆ పిల్లే, "మామకు కాలెట్ల ఉండాది?" అని అడిగి, లోపలికి పోయి బ్యాగు సర్దుకుంది.

అసలు ముక్క కోసం ఎదురుచూశాను. ఎన్నాళ్ళైనా ఆగుదాం అన్నాడు మామ. ముక్క వచ్చాక భాయ్‌ని పక్కన పెట్టుకుని, మూత విప్పి, పళ్ళు నిండా కలిశాయని అతను తన నోటితో అన్నాకే బిగించాను. హ్యాండ్ బ్రేకుకు కొత్త వైరు వేశాను. ఆ పూట భాయ్ మళ్ళీ తిట్టాడు. మామ ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంటి చుట్టుపక్కల నడుస్తాడు. మందతో కొండకు పోయేది కొడుకే. చిన్నప్పటి నుంచి గొర్రెల వెంట నడిచిన మనిషి, మంద పోయేటప్పుడు అరుగు మీద కూర్చుని చూస్తాడు. అందుకు నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. నా పేరు మాత్రం తగ్గలేదు. తప్పు ఒప్పుకున్న మెకానిక్కని ఇంకొంచెం పెరిగింది కూడా. మనుషులకు ఒకసారి నచ్చితే ఇంతే, ఏం చేసినా నచ్చుతుంది. అందుకే పిల్లలూ, మీకు పేరొచ్చిన రోజు నుంచి మీ పనిని రెండుసార్లు విప్పి చూడండి. ఎవరన్నా మీ తప్పుకు మాట పడుతుంటే అక్కడే, ఆ వరండాలోనే నోరు తెరవండి.

నిరుడు వాళ్ళ పల్లె మీదుగా పోతూ మామను చూద్దామని ఆగాను. కోడలు చంటిబిడ్డను ఎత్తుకుని వాకిట్లో ఉంది. నన్ను చూసి నవ్వి, కుర్చీ వేసింది. మామ అక్క ఆమె చేతిలోంచి బిడ్డను అందుకుని ముద్దు చేస్తోంది. ఇల్లు కళకళలాడుతోంది. నా గుండె బరువు కొంచెం దిగినట్టే అనిపించింది. ఇంతలో బామ్మర్ది మందకు నీళ్ళు తీసుకుపోవడానికి పికప్పు తలుపు తీశాడు. కోడలు చేస్తున్న మాట మధ్యలో ఆపి, చటుక్కున ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గొళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది.

నేను మామ వైపు చూశాను. "బండి కదిలేటప్పుడు ఎదురుగా ఉండదు అల్లుడా. చెప్పి చూసినాం. మా అక్క చేతులు పట్టుకోని బతిమాలినాది. ఇనదు" అన్నాడు.

బండి వీధి మలుపు తిరిగింది. దాని శబ్దం పూర్తిగా ఆగిపోయాక ఆ పిల్ల గొళ్ళెం తీసి బయటికి వచ్చి, ఏమీ జరగనట్టు, "టీ తాగుతావా అన్నా?" అని అడిగింది.